మూలచక్రం

ఆదివారం పొద్దున ఉదయ్ కుమార్ మేడ మీదికి వచ్చేసరికి నాలుగో కుర్చీలో ఎవరో కొత్తావిడ కూర్చుని ఉంది.

ముప్పై ఏళ్లుంటాయి. తల మీద చున్నీ, ఒళ్లో గుడ్డసంచి.

“నజ్మీన్ గారట అన్నయ్యా. చీమకుర్తి నుంచి వచ్చారు. మనతో ఆడతారట,” అంది షాపు ఓనరు భానుశ్రీ.

“చీమకుర్తా? మా లారీలన్నీ అక్కడే పడుంటాయి,” అన్నాడు లారీ బ్రోకరు కోటేష్. “రాళ్ల ఊరి నుంచి కార్డులాడ్డానికొచ్చారా మేడమ్?”

“మా నాన్నది రాయి కోసే యూనిట్లో పనండి. మిషన్ల మోతలోనే పెరిగాను,” అని నవ్వింది.

గుంటూరులో భానుశ్రీ స్టేషనరీ షాపు పైన ప్రతి ఆదివారం ‘లోహయుగం’ ఆడతారు. పేకాట కాదు. బొమ్మల కార్డులు కొనుక్కుని, అరవై కార్డులతో ఎవరి డెక్ వాళ్లు కట్టుకుని, నలుగురు కూర్చుని ఒకళ్లనొకళ్లు పడగొట్టే ఆట.

ఉదయ్‌ది మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. డెక్ కట్టడంలోనూ వ్యాపారి బుర్రే.

అందరూ రాక్షసుల్నీ మంత్రగాళ్లనీ ఏరుకుంటే అతను యంత్రాలు ఏరాడు. బల్ల మీద ఒక యంత్రం ఉంటే రెండోది తేలిగ్గా దిగుతుంది. రెండుంటే మూడోది ఇంకా తేలిక. ముందు పెట్టుబడి, తర్వాత రాబడి.

పదకొండు నెలల్లో అరవై కార్డులకి యాభై తొమ్మిది కుదిరాయి.

కుదరనిది మూలచక్రం. ఒకసారి పనిచేసి ఆగిపోయిన యంత్రాలన్నిటినీ మళ్లీ కదిలించే కార్డు. ఆట గ్రూపులో తన డెక్ ఫొటో పెట్టి మరీ అడిగాడు. ఎవరి దగ్గరా లేదు. వచ్చే ఆదివారమే విజయవాడలో పోటీ.

“గ్రూపులో మీ డెక్ చూశానండి,” అంది నజ్మీన్. “యంత్రాలతో ఇంత పొందిగ్గా ఎవరూ కట్టలేదు.”

యార్డులో సరుకును ఊరికే మెచ్చుకునేవాడు ఉండడు. కాపీ కొట్టడానికి వచ్చింది, అనుకున్నాడు ఉదయ్.

ఆట మొదలైంది. ఆమె సంచిలోంచి తీసిందీ యంత్రాల డెక్కే.

నాలుగు వరసలు తిరిగేసరికి ఆమె ముందు ఏడు యంత్రాలు.

“ఒరేయ్ ఉదయ్, నీ సంగతి తర్వాత. ముందు ఈవిణ్ణి ఆపాలి,” అన్నాడు కోటేష్.

భానుశ్రీ కూడా అటే గురి పెట్టింది.

ఏడాదిగా ఆ బల్ల మీద అందరూ కలిసి కొట్టేది ఉదయ్‌ని. పైకి తిట్టుకున్నా లోపల మురిసిపోయేవాడు. భయం ఉన్న చోటికే గదా దెబ్బ వచ్చేది. ఈ రోజు ఒక్కరూ అతని వైపు చూడలేదు. అతని యంత్రాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అదే అతనికి గిట్టలేదు.

అప్పుడు నజ్మీన్ ఇంకో కార్డు దించింది.

“అమ్మో, మూలచక్రం!” కోటేష్ కుర్చీలోంచి లేచాడు. “ఇది నిజంగానే ఉందన్నమాట!”

“చూస్తారా?” ప్లాస్టిక్ తొడుగులోంచి తీసి, ఆమె దాన్ని ఉదయ్ చేతిలోనే పెట్టింది.

నిప్పులాంటి ఎరుపు. అంత అందమైన కార్డు అతను చూడలేదు. తనది కానిది అంత అందంగా ఉండటం నచ్చలేదు.

వెనక్కి తిప్పాడు. అన్ని కార్డులకీ ఉండే నీలం ముద్ర లేదు. తెల్లగా ఉంది.

మిరపకాయ రంగు మీద అనుమానమొస్తే యార్డులో ఏం చేస్తారో ఉదయ్ అదే చేశాడు. జేబులోంచి తెల్ల రుమాలు తీసి, సీసాలో నీళ్లతో తడిపాడు.

“అయ్యో, వద్దండి!”

చక్రం మీద గట్టిగా ఒక్క రుద్దు రుద్దాడు. రుమాలు ఎర్రబడింది.

“చూశావురా కోటేష్? దిగింది రంగు!”

“తడి తగిలితే దిగుతుందండి. అది...”

“నీళ్లకి రంగు దిగే సరుకుని మేమేమంటామో తెలుసా మేడమ్? కల్తీ.”

కోటేష్ పకపకా నవ్వాడు. “ఇంతసేపూ దొంగ కార్డుకా మనం హడలిపోయింది?”

“నకిలీవి ఇక్కడ ఆడనివ్వమండీ. షాపు పేరు పోతుంది,” అంది భానుశ్రీ, తల దించుకుని.

నజ్మీన్ ముగ్గురి వంకా చూసింది. అలికినట్టయిపోయిన కార్డును చున్నీ చెంగుతో మెల్లగా అద్ది సంచిలో పెట్టుకుంది.

“మీ డెక్ మాత్రం నిజంగా బావుందండి,” అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆట మళ్లీ మొదలెట్టారు. రెండో వరసకే కోటేష్ ఉదయ్ మీద పడ్డాడు. ఉదయ్‌కి ప్రాణం లేచొచ్చింది.

కానీ ఆమె విజయవాడకీ ఆ డెక్ తెస్తే? అందరూ మళ్లీ ఆమె చుట్టూ మూగితే?

సోమవారం వేలంపాట అవ్వగానే ఆట కంపెనీకి ఫోన్ చేశాడు.

“గుంటూరు నుంచండీ, నాది యంత్రాల డెక్. మూలచక్రానికి నకిలీ తిరుగుతోంది. వెనకంతా తెలుపు. తుడిస్తే రంగు దిగుతోంది. తెచ్చినావిణ్ణి పోటీకి రానివ్వకండి.”

“ఆవిడ పేరేంటండీ?”

“నజ్మీన్. చీమకుర్తి.”

అవతలి గొంతు ఒక్కసారిగా ఉత్సాహపడింది.

“ఆ డెక్ మీదేనా అండీ! ఒక్క కార్డు తక్కువైన డెక్ ఉంది, గుంటూరెళ్లి ఇచ్చొస్తానని శనివారమే చెప్పారు. ఇచ్చారా మరి?”

“కానీ దాని వెనక ముద్రే లేదండీ,” అన్నాడు ఉదయ్.

“వెనక తెల్లగా ఉండే కార్డులు మేం అమ్మమండీ. బొమ్మకి ఒకటి చొప్పున గీసినవాళ్లకే ఇస్తాం. దాని మీద వాళ్లు చేత్తో మళ్లీ రంగులేసి, మనసుకి నచ్చినవాళ్లకి ఇచ్చుకుంటారు.”

అవతలి మనిషి అక్కడితో ఆగకుండా నవ్వుతూ అన్నాడు: “మీరు ఏరుకున్న యంత్రాలు ఒక్కటీ వదలకుండా గీసింది నజ్మీన్ గారే కదండీ.”