రాకెట్టు టైము

నా రాతలో తప్పులుంటే మన్నించండి. మనవరాళ్లు పుట్టాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ రాస్తాను. కథ మాత్రం గబగబా చెబుతాను.

"చెరుపు," అన్నారు యోగానంద సారు, రబ్బరు ముందుకు తోసి.

"చెరపను సార్," అంది రూపశ్రీ.

నాగులమ్మ తడి చేతులు చెంగుకు తుడుచుకుంది. ఇంటి ముందు రొయ్యలు ఒలుచుకుంటున్న ఆమెను ఉన్నపళంగా పిలిపించారు. సూళ్లూరుపేట పక్కన చిన్న బడి అది. తడ నుంచి రైల్లో వచ్చిపోయే ఈ సారు ఒక్కరే దానికి దిక్కు.

మనవరాలు చేసిన తప్పేమిటో ఆయన చెప్పారు. నిన్న బడి నుంచి బయలుదేరిన టైమూ, ఇల్లు చేరిన టైమూ చూసుకుని, నడకకు ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి తెమ్మన్నారట. పిల్లలంతా సారుకు నచ్చేలా పది నిమిషాలని రాసుకొచ్చారు. రూపశ్రీ మాత్రం నాలుగింటికి బయలుదేరి, మూడు యాభై ఐదుకు ఇల్లు చేరానని రాసింది.

"బయలుదేరకముందే చేరిపోయిందమ్మా నీ మనవరాలు," అన్నారు సారు. పిల్లలు కిసుక్కున నవ్వారు.

లెక్క తప్పినవాళ్లకు తిరుపతి సైన్సు సెంటరుకు పోయే వ్యానులో చోటు లేదన్నారు. ఆ ప్రయాణం కోసం రూపశ్రీ పొద్దున్నే గౌను ఉతికి ఆరేసుకుంది కూడా.

ఆ ఒక్క ముక్కా చెరిపేస్తే ఏం పోతుందని నాగులమ్మ మెల్లగా నచ్చజెప్పబోయింది.

"చూసిందే రాసినా అవ్వా. చూడంది యెట్ట రాసేది?"

మీ ఇంటి గడియారం నిద్రపోతోంది, బాగుచేయించుకోమన్నారు సారు. ఆ మాట నాగులమ్మకు చురుక్కుమంది. శ్రీహరికోటలో రాకెట్టు లేచిన ప్రతిసారీ, ముందుగా చెప్పిన టైముకు ముల్లు తిప్పుకునే ఇల్లు ఆమెది. ఆ వాడలో అందరికీ అదే అలవాటు.

"ఈ పొద్దు నాలుక్కి రాకెట్టు లేస్తాది గదా సారూ. సూస్తాం," అంది.

బడి గోడ గడియారం నాలుగు చూపించింది. ఆకాశం ఖాళీగా ఉంది. బడి వదిలే వేళయినా పిల్లలు ఒక్కరూ కదల్లేదు. వాయిదా పడి ఉంటుంది, చెరిపేసి పొమ్మంటూ సారు సంచీ భుజానికి తగిలించుకున్నారు.

నాగులమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"రాకెట్టు లేసేదాకా ఉండండి సారూ. అది రాకుంటే నా చేత్తో నేనే చెరుపుతా."

అంతమంది పిల్లలు చూస్తుండగా ఆమెను దాటిపోలేక సారు నిలబడిపోయారు. ముల్లు ఐదు నిమిషాలు జరిగింది. పది జరిగింది. నాగులమ్మకు తీగమీద ఆరుతున్న గౌను గుర్తొచ్చింది. రూపశ్రీ చేతులు కట్టుకుని గుమ్మంలోంచి ఆకాశాన్నే చూస్తోంది.

గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తుండగా తూర్పున నిప్పు లేచింది. నాగులమ్మను దాటుకుని పిల్లలు బయటికి ఉరికారు. కాసేపటికి మోత వచ్చి కిటికీ రెక్కలను గడగడలాడించింది.

"ఇప్పుడయింది నాలుగు," అంటూ నాగులమ్మ లేచింది. "మీ గడియారమే ముందుండాది సారూ. ఎవురు తిప్పినారో ఏమో."

సారు ఆకాశం వైపు చూడటం లేదు, పట్టాల వైపు చూస్తున్నారు. మోత అణగగానే అటునుంచి రైలు కూత వినిపించింది.

రూపశ్రీ రబ్బరు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"బడి నాలుక్కి వదిల్తే మీ రైలు అందదు గదా సార్. తర్వాతి రైలుకు ఎంతసేపుండాదో లెక్కగట్టి సెప్పేదా?"

— కృపామణి, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఉండేది నాయుడుపేటలో.