మూడేళ్ల బాండు

“మూడేండ్లా?” సుధాకర్ చేతిలో చాయ్ గ్లాసు నోటిదాకా పోకుండా ఆగిపోయింది.

ఆదయ్యను ఇంకో మూడేళ్లు జట్టులో ఉంచుకునే బాండు కాగితం మీద సంతకం అప్పటికే పడింది. జట్టు మేనేజర్ సుధాకర్‌ను అడిగింది లేదు, చెప్పింది లేదు. సాంబన్న సేఠ్ పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

“జట్టు నాది. పైసలు నాయి. నా ఇష్టం.”

సిరోంచలో సేఠ్‌కు ఒక రైస్ మిల్లుంది, ఒక కబడ్డీ జట్టుంది. జట్టును నడపడానికి చామోర్షి నుంచి సుధాకర్‌ను పిలిపించుకున్నాడు. ఎవరిని తీసుకోవాలో, ఎవరిని పంపాలో అంతా నీ మాటే అన్నాడు ఆరోజు. మొదటి రోజు యజమానులందరూ అట్లాగే అంటారు.

“సేఠ్, ఆదయ్య మోకాలు వంగుతలేదు. పోయిన సాలు బామ్ని జట్టు మీద పదకొండు సార్లు కూతకు పోయి రెండు పాయింట్లు తెచ్చిండు. సన్నీకి ఇరవై ఒక్క ఏండ్లు. జింక లెక్క ఉరుకుతడు. ఆదయ్య జాగల నిన్నే దింపుత అని వానికి మాటిచ్చిన.”

“సన్నీ బెంచీ మీద కూసోని నేర్చుకుంటడు.”

“పోనీ ఒక్క ఏడాది రాయుండ్రి. ఆ కాళ్లకు మూడేండ్లు ఎవ్వడన్న రాస్తడా?”

“ఆయన మూడే అడిగిండు.” సేఠ్ కిటికీ బయటికి చూస్తూ అన్నాడు. “ఇగో, ఈసారి కప్పు రాకపోతే నువ్వు చామోర్షి బస్సు ఎక్కుడే. అది యాదికుంచుకో.”

అంటే కుంటి కాలును ఆడించాలి, కప్పు తేవాలి, తేకపోతే ఇంటికి పోవాలి. న్యాయం బాగానే ఉంది.

సుధాకర్‌కు అనుమానం పట్టుకుంది. ఆదయ్య చేతిలో ఓట్లున్నాయా అంటే, ఇంట్లో ఉన్నది ఆయనా, పెళ్లాం నర్సక్కా. చుట్టరికమా అంటే అదీ లేదు. ఇద్దరిదీ ఒకే ఊరు, అంతే. మరి ఏం చూసి రాసినట్టు?

పైగా ఆదయ్య ఆఫీసుకొచ్చే తీరే వేరు. మిగతా ఆటగాళ్లు చెప్పులు బయట విడిచి గడప దగ్గర నిలబడతారు. ఈయన తిన్నగా లోపలికొచ్చి, సేఠ్ కుర్చీ వెనక గోడకున్న సర్టిఫికెట్ ఫ్రేమును భుజం మీది తువ్వాలుతో తుడుస్తాడు. పదో తరగతిలో సేఠ్ జిల్లా కబడ్డీ కప్పు గెలిచినప్పటి సర్టిఫికెట్ అది. దాంతోనే ఆటగాళ్ల కోటాలో సర్కారు నౌకరీ దొరికింది. ఆ నౌకరీ మీద మిల్లు లేచింది. సిరోంచలో ఎవరిని అడిగినా చెబుతారు.

“ఏం సేఠ్, చెదలు పట్టలే గద?” అంటూ ఆదయ్య ఎడమచేతి ఆరో వేలితో అద్దం మీద టకటకా కొడతాడు. ఆ వేలి మీద జట్టులో రోజుకో జోకు. అది తగిలితే సగం పాయింటే ఇయ్యాలని సన్నీ వాదన.

“జర మెల్లగ. పలుగుతది” అంటాడు సేఠ్. మిల్లులో యాభై మందిని గడగడలాడించే గొంతు అప్పుడు పిల్లి గొంతవుతుంది.

ఆదయ్య చెంచాగిరీకి కూడా ఒక హద్దుండాలి అనుకునేవాడు సుధాకర్.

ఒక పొద్దున గ్రౌండ్‌లో సన్నీ ఉండబట్టలేక అడిగేశాడు.

“సేఠ్, ఒక్కసారి కూత పెట్టి సూపియ్యుండ్రి. జిల్లా ఛాంపియన్ గద మీరు!”

“నడుము నొస్తున్నదిరా.”

ఆదయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. “మా సేఠ్ ఆట నాకంటె ఎవనికెరుకరా? నన్నడుగు, చెప్త.”

సేఠ్ నవ్వలేదు. మోటార్‌సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు.

సుధాకర్ ఇక ఆగలేదు. నలభై దాటినవాళ్లు ఆడొద్దని తాలూకా లీగ్ రూలు. బాండులో ఆదయ్య వయసు ముప్పై ఆరని ఉంది. ఆ ముఖానికి ముప్పై ఆరా? బడి రిజిస్టర్ చూస్తే తేలిపోతుంది. బండి తీసుకుని వాళ్ల ఊరి బడికి పోయాడు.

హెడ్మాస్టర్ గదిలో కూర్చున్నాడో లేదో, ఫోన్ మోగింది.

“ఏడున్నవ్?” సేఠ్.

“మీ ఊరి బడిల. ఆదయ్య పుట్టిన తారీఖు చూద్దామని…”

అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

“వాపస్ రా. ఇప్పుడే. సన్నీనే ఆడిద్దాం. నీక్కూడ మూడేండ్లు రాసిస్త. కప్పు రాకున్నా సరే. అక్కడినుంచి మాత్రం లేచిరా సుధాకర్.”

సుధాకర్ ఫోన్ పెట్టేశాడు. నిన్నటిదాకా పురుగులా చూసిన మనిషి ఇవాళ బతిమాలుతున్నాడు. భయం లేకుండానే?

కళ్యాణి టీచర్ పాత రిజిస్టర్ దుమ్ము దులిపి తెచ్చింది. ఈ బడికి వచ్చి ఆమెకు నెల కూడా కాలేదు.

“ఇగో సార్, ఆదయ్య. సాంబన్న సేఠ్, ఈయన ఒక్క సాలే పుట్టిన్రు. నలభై రెండు నిండినయ్. కాని ఈయన ఏడోదిలనే బడి ఇడిసిపెట్టిండు. పదోదాక రానే లేదు.”

దొరికాడు! సుధాకర్ ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. వయసు దాచినందుకు జట్టును లీగ్ నుంచి వెళ్లగొడతారని, అదన్నమాట సేఠ్ భయం.

“వచ్చిన్రు గద, మీ సేఠ్ ఆడినప్పటి ఫోటో సూసిపోండ్రి” అంది టీచర్ గోడ వైపు చూపిస్తూ. “మా బడికి జిల్లా కప్పు వచ్చింది ఆ ఒక్కసారే.”

సుధాకర్ లేచి దగ్గరికి పోయాడు. రంగు వెలిసిన ఫోటో. నిక్కర్లేసుకున్న పిల్లలు, కాళ్లకు ఇంకా మట్టి. ఒక్కొక్కరి కింద మరాఠీలో పేర్లు.

నడుమ నిలబడ్డవాడి కింద ‘సాంబన్న, పదవ తరగతి’ అని రాసి ఉంది, కప్పును గుండెకు హత్తుకున్న వాడి ఎడమచేతికి మాత్రం ఆరు వేళ్లున్నాయి.