పదకొండోవాడు

రిఫరీ అంటే గాలి లాంటివాడే కదా, బంతి తగిలినా తగలనట్టే లెక్క, ఆట ఆగదు, రూల్సులో అలాగే ఉంది. మరి గాలికి జేబుంటుందా, ఆ జేబులో ఏదో బరువుగా తొడకి కొట్టుకుంటూ ఉంటుందా అని ఆలోచిస్తున్నాడు శోభనాద్రి, ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా.

"ఇంకొక్క ఐదు నిమిషాలు సార్," అన్నాడు బందరు కెప్టెన్ సలాం. అద్దకం పనిచేసే మనిషి, మోచేతుల దాకా ఎరుపు. "మా లాల్ రావాలి. వాడు రాకపోతే మేం పదిమందిమే."

"ఆగడానికి ఇదేమన్నా పెళ్లా? కప్పు ఫైనలు!" అన్నాడు గుడివాడ కెప్టెన్ భూషణం. "టైమయింది, ఊదండి రిఫరీ గారూ."

అంతలో లాల్‌ని చూసి రావడానికి పోయిన అబ్బులు సైకిలు మీద రొప్పుతూ వచ్చి, సైకిల్ని జనం మీదకి వదిలేసి గ్రౌండులోకి పరిగెత్తాడు.

"లాల్ రాడ్రా! చూసే వస్తున్నా. వాడి పడవ కాలవ లాకుల దగ్గర ఆగిపోయింది. లాకాయన తలుపులకి తాళం వేసుకుని ఎటో పోయాట్ట. పడవ నిండా షావుకారు ధాన్యం, వదిలి ఎట్లా వస్తాడు? గట్టు మీద కూచుని ఏడుస్తున్నాడు."

"గవర్నమెంటు జీతం తింటూ తాళమేసుకుని పోతాడా!" సలాం పళ్లు కొరికాడు. "నా చేతికి దొరకాలి. కాలవలో ముంచి లేపుతాను."

"లేపడం ఎందుకు?" అన్నాడు గోల్‌కీపర్ యేసుదాసు.

శోభనాద్రి ఈల ఊదాడు. అంత గట్టిగా ఊదాల్సిన పని లేదు.

బదిలీ మీద బందరు వచ్చి అతనికి నెల కాలేదు. ఈ ఊళ్లో అతని ఈల తప్ప ఇంకేం ఎవరికీ తెలీదు. పనిచేసిన ప్రతి ఊళ్లోనూ ఆదివారాలు ఈల ఊదాడు. శోభనాద్రి ఒకవైపు మొగ్గాడని ఇంతవరకూ ఎవరూ అనలేదు. మనిషికి ఉన్న ఆస్తల్లా ఆ మాటే. అది ఇవాళ పోయేట్టుంది. పదిమందీ పరిగెత్తుతుంటే గుండె అటే ఒరుగుతోంది. ఒరగకూడదు అనుకున్నాడు. అనుకున్నకొద్దీ ఈల బందరు మీదే మోగింది. ఆఫ్‌సైడు బందరుది, ఫౌలు బందరుది. హాఫ్ టైముకి ముందు ఏకంగా పెనాల్టీ ఇచ్చాడు.

"సార్, మీరు గుడివాడలో పుట్టారా?" అని అడిగాడు సలాం.

భూషణం కొట్టిన పెనాల్టీని యేసుదాసు పొట్టతో ఆపి, ఆ బంతి మీదే బోర్లా పడుకున్నాడు. ఊపిరి తిరగ్గానే లేచి, "ఇది లాకాయన వీపుకి!" అని అరిచి ఆకాశంలోకి తన్నాడు.

జనానికి ఆ మాట నచ్చింది. ఇక బందరువాళ్లు బంతిని ఎప్పుడు తన్నినా గ్రౌండు చుట్టూ ఒకటే కేక: "ఇది లాకాయన వీపుకి!" సోడా బండివాడు గోళీ నొక్కుతూ అదే అన్నాడు. ముసలి ఆమినా బీ వేరుశనక్కాయలు పొట్లం కడుతూ అదే అంది. ఒక్కో కేకకీ శోభనాద్రి వీపు తనంతట తనే జలదరిస్తోంది. చొక్కా చెమటకి అంటుకుంది, అంతే, అని సర్దిచెప్పుకున్నాడు. జేబులో బరువు సంగతి మాత్రం ఆలోచించదలచుకోలేదు. పుచ్చిన పన్ను జోలికి పోని నాలుకలా అతని మనసు చుట్టుపక్కలంతా తిరిగి వస్తోంది.

సెకండ్ హాఫ్ అంతా బందరు గోలు ముందే జరిగింది. పదిమందీ గోడ కట్టారు. అబ్బులు కాళ్లు పట్టేసి కుంటుతూనే అడ్డం పడ్డాడు. సలాం ఇటు బంతి ఆపి, అటు తనే మోసుకెళ్లి, బంతి పోగొట్టుకుని, తిట్టుకుంటూ మళ్లీ తనే వెనక్కి వచ్చాడు. అటూ ఇటూ గోల్ లేదు. పొద్దు వాలుతోంది. శోభనాద్రి గడియారం చూసుకున్నాడు.

అప్పుడు యేసుదాసు తన్నిన బంతి సముద్రపు గాలికి ఎక్కడికో పోయి సలాం ముందు పడింది. ఎదురుగా గుడివాడ గోల్‌కీపర్ ఒక్కడే. సలాం కొట్టాడు. అలిసిన కాలు. బంతి వంకరగా, గోలుకి బారెడు అవతలికి పోతోంది.

దాని దారిలో శోభనాద్రి ఉన్నాడు.

బంతి అతని బూటుకి తగిలి, మలుపు తిరిగి, నింపాదిగా గోల్లోకి దొర్లింది.

బంతి వచ్చి కాలికి తగిలిందా? కాలే బంతి దగ్గరికి వెళ్లిందా? శోభనాద్రి తన బూటు వంక వేరెవరి బూటో చూస్తున్నట్టు చూశాడు. అది ఏమీ చెప్పలేదు.

"సార్! మీ కాలు!" భూషణం గంతులేస్తున్నాడు. "మీ కాలికి తగిలింది!"

"రిఫరీ గాలి లాంటివాడయ్యా. రూల్సు చూసుకో," అని శోభనాద్రి సెంటర్ వైపు చెయ్యి చూపించాడు. "గోల్!"

ఆ తరవాత జనం గ్రౌండులోకి వచ్చేశారు. చివరి ఈల ఎవరికీ వినపడలేదు. సోడాలు వాటంతటవే పేలాయి. అబ్బులు కుంటడం మరిచిపోయాడు. యేసుదాసు కప్పుని టోపీలా పెట్టుకున్నాడు. సలాం శోభనాద్రిని అమాంతం ఎత్తి గిర్రున తిప్పాడు.

"మా పదకొండోవాడు మీరే సార్! రండి, కప్పు తీసుకెళ్లి లాల్‌కి చూపిద్దాం. అక్కడ ఆ లాకాయన గానీ దొరికితే, మొదటి మునక మీ చేత్తోనే వేయించాలి."

తల తిరుగుతోంది. నవ్వు ఆగడం లేదు. మధ్యాహ్నం నుంచీ తన జేబులో ఉన్నదేమిటో శోభనాద్రి ఎట్టకేలకు ఆలోచించాడు.

"ముందు పడవని వదలండయ్యా, మునక తరవాత," అంటూ యేసుదాసు నెత్తి మీది కప్పు తీసి, లాకుల తాళంచెవిని ఠంగుమని అందులో పడేశాడు.