ఓస్మార్ గది

"ఓస్మార్ గది ఖాళీ అవుతుందా, డోన్యా ఎల్వీసియా?"

అడిగేశాక లిసాండ్రో తల దించుకున్నాడు. ఓస్మార్ కనబడకుండా పోయి నాలుగు రోజులే అయింది. స్కీ లిఫ్టు దగ్గర పనిచేసే ఆ మనిషి సోమవారం మధ్యాహ్నం స్కీలు భుజాన వేసుకుని కొండ వైపు వెళ్లాడు. ఆ సాయంత్రమే పడమటి లోయలో మంచుచరియ విరిగిపడింది. అప్పటినుంచి నలభై మంది పొడవాటి చువ్వలతో ఆ మంచును గుచ్చి గుచ్చి వెతుకుతున్నారు. వాళ్లలో లిసాండ్రో ఒకడు.

ఇంటావిడ తలుపు సగమే తెరిచింది. అతని మొహంలోకి చూడలేదు.

"శవమైనా దొరక్కముందే గది కావాలా నాయనా?"

"మొదట నేనే అడిగానని గుర్తుంచుకోండి. అంతే."

"మొదట నువ్వు కాదు. ఐదోవాడివి," అని ఆమె తలుపు వేసుకుంది.

లిసాండ్రో షెడ్డుకి తిరిగొచ్చాడు. స్నేహితుడి మెకానిక్ షెడ్డు అది. మూలన పరుపు, పక్కన గ్యాస్ పొయ్యి. జూలైలో చలికాలపు సెలవులకి వచ్చేవాళ్ల కార్ల కోసం ఆదివారం కల్లా ఖాళీ చేయాలి. భార్య యమిలా అప్పటికే బట్టలు సంచిలో కుక్కుతోంది.

"ఏమంది?"

"ఐదోవాణ్ణట."

"చెరువు పక్క ఇల్లు?"

"గ్యారంటీకి బ్వెనోస్ ఐరెస్‌లో సొంతిల్లున్న మనిషి కావాలన్నారు."

"సొంతిల్లున్న మనిషి మనకు తెలిస్తే వాళ్లింట్లోనే ఉండేవాళ్లం కదా," అంది యమిలా. నవ్వలేదు. "కింద మైదానంలో?"

"అక్కడ మొదటి బస్సు తొమ్మిదింటికి. నా పని ఏడింటికి. మిగతావన్నీ అద్దె వారాల లెక్కన, డాలర్లలో."

"అయితే అయిపోయింది. ఆదివారం బస్సుకి టికెట్ తీసుకున్నా. అమ్మ దగ్గరికి పోతున్నా. నువ్వు ఎక్కడైనా పడుకుంటావు, మగాడివి. నావల్ల కాదు, లిసాండ్రో. ఇది మూడో చలికాలం."

లిసాండ్రో బూట్లు బిగించుకుని, రేడియో తీసుకుని కొండెక్కాడు.

ఇద్దరిద్దరుగా వెళ్లాలన్నది నియమం. కానీ జనం అలిసిపోయారు, సగం మంది దిగిపోయారు. తూర్పు గట్టు వైపు లిసాండ్రో ఒక్కడే నడిచాడు. మూడు రోజుల తుఫాను అప్పుడే తెరిపిచ్చింది. గాలికి కళ్లలోంచి నీళ్లు కారి చెంపల మీదే గడ్డ కడుతున్నాయి. నడుస్తున్నంతసేపూ ఒకటే లెక్క వేసుకున్నాడు. ఆ గది కిటికీ దక్షిణానికా, ఉత్తరానికా? ఎండ తగులుతుందా?

రేడియో గరగరలాడింది. వెతుకులాటకి పెద్ద అయిన రూబెన్ గొంతు.

"లిసాండ్రో, ఆ గట్టు చూసి దిగిపోరా. ఇంక ఆపేస్తున్నాం. బతికుండే అవకాశం లేదు."

"సరే," అన్నాడు లిసాండ్రో.

గట్టు దాటాడు. అవతల పల్లంలో కొండెక్కేవాళ్ల పాత రాతి గుడిసె ఉంది. చలికాలమంతా మూసి ఉంటుంది. కిటికీల దాకా మంచులో కూరుకుపోయి ఉంది.

దాని పొగగొట్టం లోంచి సన్నగా పొగ వస్తోంది.

లిసాండ్రో ఆగిపోయాడు. ముందు కలిగింది సంతోషం కాదు. అయిపోయింది, గది పోయింది. వెనక్కి తిరిగితే ఎవరికీ తెలియదు. మనిషికి కాలో చెయ్యో విరిగి ఉంటే, కట్టెలు అయిపోతే, రేపో ఎల్లుండో... లిసాండ్రో వెనక్కి రెండడుగులు వేశాడు. మూడోది వేయలేకపోయాడు. తనను తాను బూతులు తిట్టుకుంటూ పల్లంలోకి దిగి, తలుపు తోశాడు.

ఓస్మార్ పొయ్యి ముందు కాలు చాపుకుని కూర్చుని ‘మాటే’ ఆకుల టీ తాగుతున్నాడు. మడమకి గుడ్డ చుట్టి ఉంది.

"తలుపు వెయ్యి, చలేస్తోంది," అన్నాడు. "ఏంటలా చూస్తున్నావు? దెయ్యాన్ని కాదులే."

"నలభై మంది నీకోసం మంచు తవ్వుతున్నారు రా."

"నాకోసమా?" ఓస్మార్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేను తప్పిపోలేదే. ఎక్కుతూ కాలు బెణికింది, ఫోను చచ్చింది. నాలుగు రోజులు ఆగి పనికి దిగుదామనుకున్నా."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

"ఉంటున్నా. సోమవారం పొద్దున్నే ఎల్వీసియా నా సామాను గుమ్మంలో పెట్టేసింది. సెలవులకి బ్రెజిల్ వాళ్లు వస్తున్నారట, ఆగస్టు చివరిదాకా గది వాళ్లకే. ఇప్పుడు నోరు విప్పలేదులే పాపం. తను గెంటేస్తేనే వీడు మంచులో చచ్చాడని ఊరంతా అనదూ?"

లిసాండ్రో బల్ల మీద కూలబడ్డాడు. ఐదోవాడు కాదు, మొదటివాడైనా ఒకటే.

"నువ్వు నన్ను చూశావని చెప్పకు," ఓస్మార్ గొంతు తగ్గించాడు. "చెప్తే సాయంత్రానికి ఈ గుడిసెకి తాళం పడుతుంది. రెండ్రోజుల్లో నేనే దిగి, నెవ్‌కెన్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్లానని చెప్తా. నాలుగు తిట్లు తింటా, అంతే. ఇక్కణ్ణుంచి పొద్దున్నే స్కీల మీద జారితే అరగంటలో లిఫ్టు దగ్గరుంటా. సాయంత్రం అదే లిఫ్టెక్కి పైకొస్తా. అద్దె లేదు, గ్యారంటీ లేదు."

రేడియో మళ్లీ గరగరలాడింది. "లిసాండ్రో, ఏమైనా కనబడిందా?"

లిసాండ్రో గుడిసె అంతా ఒకసారి కలియజూశాడు. మసిబారిన గోడలు. పొయ్యి పక్కన కట్టెలు. ఒకదాని మీద ఒకటిగా నాలుగు చెక్క మంచాలు. బటన్ నొక్కాడు.

"ఎవరూ లేరు. గుడిసెకి తాళం వేసి ఉంది. దిగుతున్నా."

రేడియో ఆపి, ఓస్మార్ వైపు తిరిగాడు.

"కింది మంచం మాకిచ్చెయ్. యమిలాకి పై మంచం అంటే భయం."