చిన్ని ఫైలు

"డిస్కు నిండిపోయిందే. పాత లాగులు తీసెయ్యాలి," అన్నాడు భర్త, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

"మీ లాగులన్నీ బీరువాలో మడతపెట్టే ఉన్నాయి," అంది ఆమె, తడిసిన గొడుగు తలుపు పక్కన ఆనిస్తూ. పెళ్లైన కొత్తలో ఈ మాటకి ఇద్దరూ పగలబడి నవ్వేవారు. ఇప్పుడు ఆయన పెదవి కొస మాత్రం కదిలింది.

ఆయన పాతికేళ్లు ఓ ఆఫీసులో లినక్స్ మెషీన్లు చూసుకున్నాడు. కూతురు చిన్ని అలిగి ఇల్లు విడిచిన నాలుగో రోజునే ఆయనకి గుండెపోటు వచ్చింది. ఆపరేషన్ చేసి, మెట్లు దిగొద్దు, మనసు కష్టపెట్టుకోవద్దు అన్నారు డాక్టర్లు. అప్పట్నుంచీ ఈ రెండో అంతస్తులో కూర్చుని, ఇంటి వైఫైకి ఏ ఫోను ఎప్పుడు తగులుకుందో, ఎప్పుడు వదిలిందో రాసిపెట్టే లాగ్ చదువుకుంటున్నాడు.

"అన్నీ చెరిపెయ్యండి, పీడా పోతుంది."

"ఎలా చెరిపేస్తానే? మిగతావి వారానికో ఫైలుగా విడగొట్టి, కుదించి, నెల దాటితే వాటంతటవే పోయేలా పెట్టేశాను. చిన్ని ఫోను వరసలు మాత్రం విడిగా ఓ ఫైల్లోకి మళ్లించా. అది పోదు."

చెప్పొద్దూ, ఆ ఫైలంటే ఆమెకి భయం.

"చూడు. రోజూ ఐదూ నలభైరెండుకి వస్తుంది, రెండు నిమిషాలుండి పోతుంది. ఇవాళ పావుగంట ఆలస్యం."

"వాన కదా," అంది ఆమె గబుక్కున.

"కింద గోడ దాకా వస్తుంది, ఫోన్ చేస్తే మాత్రం ఎత్తదు. గడప తొక్కొద్దని నేనే కదా అరిచాను! మొండిది, నా మాటే నాకు అప్పజెబుతోంది." ఆయన కిటికీ వైపు చూశాడు. "రేపు నేనే కిందికి దిగుతా. కాళ్లు పట్టుకునైనా తీసుకొస్తా."

ఆమె చప్పున చేతిసంచిని దగ్గరికి అదుముకుంది.

"వద్దండీ! మిమ్మల్ని చూస్తే ఆ కాస్త రావడం కూడా మానేస్తుంది. మీరు ముందు కోలుకోండి."

"ఎప్పటికైనా పైకొస్తుందంటావా?"

ఆమె దగ్గరికి వెళ్లి ఆయన తల నిమిరింది. ఆయన చిన్నపిల్లాడిలా తలూపి, ఎందుకైనా మంచిదని ఆ ఫైలుకి ఇంకో కాపీ తీసి దాచుకున్నాడు. కళ్లు తుడుచుకుని, ఇవాళ్టి వరస మళ్లీ ఓసారి చదువుకున్నాడు.

ఆమె వంటగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. తర్వాత చేతిసంచి తెరిచింది.

మార్చురీలో తన చేతికిచ్చిన కూతురి ఫోను తీసి, ఆన్ చెయ్యకుండానే చార్జింగ్‌కి పెట్టింది.