రంగు ఆరేదాకా

సూట్‌కేసు ఈడ్చుకుంటూ మెట్లు దిగివచ్చిన కోడలు కారు ముందు ఆగిపోయింది. కారుకు ఒక్క చక్రం కూడా లేదు. నాలుగు చెక్క దిమ్మెల మీద కూర్చోబెట్టి ఉంది. పక్కనే మామగారు పీట వేసుకుని, ఒక చక్రాన్ని ఒళ్ళోకి లాక్కుని గరుకు కాగితంతో రుద్దుతున్నారు.

"ఇప్పుడెందుకు విప్పారు మామయ్యా?" అంది, గొంతు అదుపులో పెట్టుకుని.

"పాత కారు కొన్నాం బాగానే ఉంది గానీ, చక్రాలు చూడు, ఎలా వెలిసిపోయాయో. రంగు వేద్దామని" అన్నారాయన తలెత్తకుండా.

ఎప్పటికవుతుందని అడిగితే, పూతలన్నీ ఆరేసరికి రేపు పొద్దున అవుతుందన్నారు.

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. భర్త ఆమెకు మాటమాత్రం చెప్పకుండా ఆమె మేనేజరుకు ఫోన్ చేసి, ఆమెకు ఇవ్వబోతున్న కొత్త పదవిని ఆమె వద్దంటోందని చెప్పేశాడు. ఆ సంగతి పొద్దున బయటపడింది. అరగంటలో ఈ ఇంట్లో ఉండనని చెప్పి బట్టలు సర్దుకుంది. తీరా చూస్తే కారు ఇలా ఉంది. అక్క వాళ్ళ ఊరికి బస్సు నాలుగింటికి గానీ లేదు. మళ్ళీ పైకెళ్ళి అతని మొహం చూడటం కంటే ఇక్కడే నయమనుకుని సూట్‌కేసు మీద కూలబడింది.

కాసేపటికి మామగారు ఇంకో గరుకు కాగితం ముక్క ఆమె వైపు జరిపారు. ఊరికే కూర్చోలేక అందుకుంది. నీళ్ళు చల్లుకుంటూ రుద్దాలనీ, ఒకేచోట గట్టిగా రుద్దకూడదనీ ఆయన చెప్పారు. ఆమె వినిపించుకుంటే కదా. భర్త మీది కోపమంతా ఆ చక్రం మీద తీర్చుకుంది. పొట్టుపొట్టుగా పాత రంగు రాలింది, తుప్పు మరకలు పోయాయి.

"ఇక చాలమ్మా, ఇనుము కూడా మిగిలేట్టు లేదు" అన్నారాయన.

నవ్వొచ్చింది గానీ ఆపుకుంది.

రంగు టైరుకు అంటకుండా దానికీ ఇనుముకీ మధ్య సందులో చుట్టూ పేకముక్కలు దోపాలి. ఒకరు టైరును నొక్కిపట్టాలి, ఇంకొకరు ముక్క దూర్చాలి. తన వేళ్ళలో అంత పట్టు లేదంటూ మామగారు కొడుకును కేకేశారు. అతను దిగివచ్చాడు. సూట్‌కేసు వైపు చూశాడు. ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని టైరు నొక్కిపట్టాడు. మామగారు అడుగు పూతకు వేసే ప్రైమరు డబ్బా వెతకడానికి వెనకవైపు వెళ్ళారు.

రెండు చక్రాలకు ముక్కలు దోపడం అయింది. మూడోదాని దగ్గర అతనే నోరు విప్పాడు.

"ఆ పదవిలో వారానికి నాలుగు రోజులు ఊళ్ళు తిరుగుతావు. నాకు భయమేసింది."

"భయమేస్తే నాకు చెప్పాలి. మా మేనేజరుకు కాదు."

అతను టైరు మీది చెయ్యి తీయలేదు. తప్పు తనదేననీ, రేపు ఆఫీసుకొచ్చి అసలు విషయం చెబుతాననీ అన్నాడు.

"రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే చెప్పు, నా ముందు."

అతను చేతులు లుంగీకి తుడుచుకుని ఫోన్ తీశాడు. ఆమెను అడగలేదని, ఆ మాట పూర్తిగా తన సొంతమని, తడబడుతూ చెప్పాడు. అవతలివాళ్ళు ఏమంటున్నారో ఆమెకు వినపడలేదు. చేతిలోని పేకముక్క ఎప్పుడు నలిపేసిందో కూడా తెలియలేదు.

"ఇంకా ఎవరికీ ఇవ్వలేదట" అన్నాడు ఫోన్ పెట్టేసి. "రేపు నిన్ను రమ్మన్నారు."

ఆమె నలిగిన ముక్కను సాపు చేసి టైరు అంచులో దోపింది.

నాలుగు ఎప్పుడు దాటిందో ఎవరూ చూసుకోలేదు. ప్రైమరు ఆరాక వెండి రంగు పలచగా రెండు పూతలు వేశారు. గోడకు చేరేసిన చక్రాలు సాయంత్రపు ఎండలో కొత్తవాటిలా మెరిశాయి. భర్త సూట్‌కేసు భుజాన వేసుకుని, ఈలవేస్తూ పైకెళ్ళాడు.

ఆమె మామగారి దగ్గర ఆగింది. ఆయన వేళ్ళకంటిన రంగును పాత గుడ్డతో తుడుచుకుంటున్నారు.

"మీ రుణం తీర్చుకోలేను మామయ్యా. మీరు చక్రాలు విప్పకపోతే పొద్దున్నే వెళ్ళిపోయి ఉండేదాన్ని. ఇంతకీ మా గొడవ మీకెలా తెలిసింది?"

ఆయన తుడుచుకోవడం ఆపి, పై అంతస్తు కిటికీ వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించారు.

"మీరు కూడా గొడవపడ్డారా అమ్మా? పుట్టింటికి పోతానని మీ అత్తయ్య కారు తాళాలు పుచ్చుకుంటే, నేను చక్రాలు విప్పేశాను."