ఎవరి పోలికా లేని విగ్రహం

కోరుట్ల చౌరస్తాలో నిలబెట్టే తెలంగాణ అమరవీరుడి విగ్రహానికి ఎవరి పోలికా రాకూడదని కమిటీవాళ్లు మరీ మరీ చెప్పారు. "ఒక్కని మొకం పెడితె మిగితోళ్ల తల్లులు ఏడుస్తరు మొండన్నా" అన్నారు. అందుకే మొండయ్య నలభై ఏళ్ల విగ్రహాల పనిలో మొదటిసారి ఫొటో లేకుండా మట్టి పెట్టాడు.

ఆ రాత్రి కరెంటు లేదు. మట్టి ఎండకుండా కప్పిన గోనెసంచుల మీద నీళ్లు చల్లడానికి లాంతరు పట్టుకుని షెడ్డులోకి వెళ్లాడు. పైసంచి ఎత్తితే విగ్రహం గడ్డం మీద మూడు గాట్లున్నాయి, కుట్లు వేసినట్టు. తడి బొటనవేలితో నునుపు చేశాడు. సంచి కప్పి, మళ్లీ ఎత్తాడు. మూడు గాట్లూ అక్కడే ఉన్నాయి. అప్పుడు పోల్చుకున్నాడు. ఆ నొక్కు గడ్డం హైదరాబాదులో చదువుతున్న తన కొడుకు మహిపాల్‌ది.

మట్టిచేత్తోనే ఫోను చేశాడు.

"ఏం గాలే బాపూ. పొద్దుగాల పోలీసోళ్లు ఉరికిచ్చిన్రు, కింద పడ్డ. గదువకు మూడు కుట్లు పడ్డయ్, గంతే. గని నీకెవలు చెప్పిన్రు?"

మొండయ్య ఊపిరి పీల్చుకున్నాడు. "పాణం మంచిగనే ఉన్నది గద కొడుకా?"

"మంచిగున్న. రేపు తెలంగాణ ర్యాలీల ముందల నేనే ఉంట."

వెనక తప్‌మని చప్పుడైంది. విగ్రహం ఛాతీ మీది సంచి జారిపడింది. మొండయ్య లాంతరు ఎత్తాడు. ఎడమ పక్కన వేలు దూరేంత గుంట, తూటా దిగినట్టు. అందులోంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి.

లాంతరు కింద పెట్టి, మట్టిముద్ద తీసి గుంటలో కుక్కి, అరచేత్తో గట్టిగా అదిమిపట్టాడు. చేతి కింద మట్టి మెల్లగా లోపలికి కుంగుతోంది.

"బాపూ," అంటున్నాడు మహిపాల్, "లైన్ల ఉన్నవా?"